ఏ సభకు పోవుదము? చెన్నపురి కచేరీల పూర్వకథ

ధనుర్మాసము ప్రవేశించినది మొదలు చెన్నపట్టణమున సంగీతాభిమానుల గృహములలో ప్రాతఃకాలమున కాఫీతోపాటు జరుగు మొదటి కార్యము ఆనాటి కచేరీల పట్టికను పరిశీలించుట. మైలాపురమున ఒక విద్వాంసుడు, త్యాగరాయనగరమున ఒక విదుషి, సంగీత అకాడమీ మందిరమున వేరొకరు, అందరును ఒకే సాయంకాలమున, ఇంచుమించు ఒకే గడియకు వేదిక నెక్కుదురు. ఒకరిని వినదలచినచో మరియొకరిని వదలుకొనక తప్పదు. పాడువారెవరు, పక్కవాద్యములెవ్వరివి, పోయినయేడు ఆ గాయకుడు తోడిని ఎట్లు విస్తరించెను, ఈయేడు కంఠస్థితి యెట్లున్నది, తిరిగి ఇల్లు చేరుటకు ఎంతసేపు పట్టును అని ఇంటిల్లిపాదియు తర్కించి తుదకొక నిర్ణయమునకు వత్తురు. ఈ తర్కము నేటివారికి ఎంతో సహజముగా తోచుటచేత, సంగీతము పుట్టిననాటినుండియు శ్రోతకిట్టి స్వాతంత్ర్యము కలదని భావించుట కలదు. వాస్తవమట్లు కాదు. శ్రోత తనకిష్టమైన విద్వాంసుని తనకిష్టమైన దినమున, తానిచ్చుకొనగల రుసుము చెల్లించి వినుట యను ఆచారము దక్షిణదేశమున ఒకటిన్నర శతాబ్దమునకు మించిన ప్రాచీనత కలది కాదు. ఆ ఆచారము పెరిగి పెద్దదైన స్థలము చెన్నపురి. అచ్చట వినబడిన గానములో అధికభాగము తెలుగు మాటలతో కూడినదే యగుటచేత, ఈ చరిత్ర మనదియు నగుచున్నది.

సభలు పుట్టకమునుపు సంగీతమునకు ముఖ్యమైన నెలవులు రెండు: దేవాలయము, రాజాస్థానము. దేవాలయమున మ్రోగు నాగస్వరమును ఊరివారందరును వినగలరు. కాని ఏ ఉత్సవమునకు ఏ మేళమును పిలువవలెనో నిర్ణయించువారు ధర్మకర్తలు. ఆస్థానమున ప్రభువే ప్రధానశ్రోత, ప్రభువే నిర్ణేత. ఆయన పిలిపించిన గాయకుని ఆయన రానిచ్చినవారే విందురు. తంజావూరు నాయకరాజుల కొలువునందును, వారి తరువాతి మరాఠా ప్రభువుల కొలువునందును తెలుగు పదమునకును, తెలుగు యక్షగానమునకును లభించిన ఆదరము అసామాన్యము. అయినను ఆ ఆదరము కోటగోడల లోపలిది. గోడకు వెలుపల నిలిచినవానికి ఈ వారము ఎవరిని వినవలెనను ప్రశ్న పుట్టుటకే తావు లేదు.

చెన్నపట్టణమునకు రాజు లేడు. కుంఫిణీవారి వర్తకస్థానముగా పుట్టిన ఆ నగరమున, రాజునకు మారుగా దుబాషీలును, వర్తకులును, ఆలయనిర్వాహకులును సంగీతపోషకులైరి. పోషకుడొక్కడే యున్నచోట ఎన్నికకు ఆస్కారముండదు. పలువురున్నచోట అది తనంతట తానే మొలకెత్తును. 1800 ప్రాంతపు చెన్నపురిని వర్ణించు 'సర్వదేవవిలాసము' అను సంస్కృతచంపువును వే. రాఘవన్ పండితుడు పరిష్కరించి ప్రకటించినాడు. అందు వివేకి, అతివివేకి యను ఇరువురు విద్వాంసులు నగరమునందలి దేవాలయములను, ఉద్యానవనములను, ధనికుల భవనములను చూచుచు తిరుగుదురు. ఎచ్చట ఏ పోషకుడు కొలువుతీరినాడు, ఆతని సన్నిధిని ఏ గాయకులున్నారు, ఏ నర్తకి యాడుచున్నది యని చెప్పుకొందురు. గ్రంథము ముఖ్యముగా పోషకుల ప్రశంసకై వ్రాయబడినదే. అయినను ఆ యిద్దరు మిత్రుల నడకలో నాకు కనబడునది ముఖస్తుతి మాత్రము కాదు. ఒక పెద్దనగరమున గానము పలుచోట్ల ఒక్కసారిగా జరుగుచున్నదనియు, దానిని వెదకుచు పోవుట యను ఒక క్రొత్త వ్యాపకము పుట్టినదనియు అది చెప్పుచున్నది.

త్యాగరాజస్వామి వృద్ధాప్యమున తిరుపతి యాత్ర చేసినపుడు చెన్నపట్టణమునకును వచ్చిరి. కోవూరు సుందరేశ మొదలియారు వారిని తన గృహమున నిలుపుకొని ఆదరించెను. రాజుల పిలుపును తిరస్కరించిన ఆ మహానుభావుడు ఒక గృహస్థుని ఇంట దిగి పాడుటకు సమ్మతించెననుట ఆలోచింపదగిన విషయము. మొదలియారు స్వగ్రామమైన కోవూరిలో వెలసిన సుందరేశ్వరునిపై స్వామివారు రచించిన అయిదు కృతులు కోవూరు పంచరత్నములుగా నేటికిని వాడుకలో నున్నవి. తిరువొత్తియూరున త్రిపురసుందరీదేవిపై పాడినవి మరికొన్ని. అచ్చటనే శిష్యుడు వీణ కుప్పయ్యరు గురువుగారి బాణీని నిలిపి, గోపాలదాస ముద్రతో తాను కృతులను, వర్ణములను రచించెను. ఈ విధముగా చెన్నపురిలో సంగీతము కోటనుండి గృహమునకు దిగినది. పిలుపు లేనివాడు గృహమున ప్రవేశింపలేడు గాని, వీథి యరుగుపై కూర్చుండి వినువానిని తరుమువాడును లేడు.

1855లో తంజావూరు సంస్థానము కుంఫిణీ వశమగుటతో కావేరీతీరపు విద్వాంసులకు జీవిక ప్రశ్నార్థకమయ్యెను. కొందరు మైసూరు, తిరువాన్కూరు మొదలగు ఆస్థానములను ఆశ్రయించిరి. కొందరు చెన్నపురికి వచ్చిరి. వారిలో ప్రసిద్ధుడు సుబ్రహ్మణ్యయ్యరు. కొన్నేండ్లు నగరమున నివసించుటచేత పట్నం సుబ్రహ్మణ్యయ్యరని వ్యవహరింపబడిన ఆయన రచనలలో అధికభాగము తెలుగున వెలసినవి. ఆ కాలముననే తచ్చూరు సింగరాచార్య సోదరులు గాయకపారిజాతము, గాయకలోచనము మొదలగు సంగీతగ్రంథములను తెలుగులిపిలో అచ్చువేసి, గురుముఖమున తప్ప దొరకని వర్ణములను, కృతులను ఒక పుస్తకపు వెలకు అందరికిని అందుబాటులోనికి తెచ్చిరి. పుణేలో మొదలైన గాయనసమాజము 1880 తరువాతి సంవత్సరములలో చెన్నపురిలో శాఖను నెలకొల్పెను. సంగీతము ఒకరి కొలువునకు చెందినది కాదు, ఒక సమాజమునకు చెందినది యను భావము ఈ ప్రయత్నము లన్నింటికిని ప్రాణము.

పిమ్మట సభలు వెలసినవి. నేడు జార్జిటౌనని పిలువబడు ఆనాటి నల్లవారి పేటలో తొండైమండల సభ, కృష్ణగానసభ, భగవత్కథాప్రసంగ సభ. తిరువల్లిక్కేణిలో పార్థసారథిస్వామి సభ. ఇట్లు పంతొమ్మిదవ శతాబ్ది ముగియుటకును ఇరువదవ శతాబ్ది తెరచుటకును నడుమ నగరమున నలుమూలల ఇట్టి సంస్థలు పుట్టినవి. వాని పేళ్ళనే చూడుడు. సంగీతమను మాట అరుదు. భక్తి, కథ, ప్రసంగము, దేవతానామము అధికము. ఆనాటి జనుల కభిమానపాత్రమైనది హరికథాకాలక్షేపము. పౌరాణికుడు కథ చెప్పుచు నడుమ త్యాగరాజకృతిని పాడును. కథకై వచ్చినవాడు రాగమునకు అలవాటుపడును. కేవలసంగీతమును గంటలకొలది కూర్చుండి వినగల సమూహమును సిద్ధపరచినది కథకులేయని నా విశ్వాసము; కచేరీల చరిత్ర వ్రాయువారు వారికి ఈయవలసినంత స్థానమును ఈయలేదు.

సభ నడచిన తీరు నిరాడంబరమైనది. ఇరుగుపొరుగున నివసించు గుమాస్తాలు, ఉపాధ్యాయులు, వర్తకులు, వకీళ్ళు నెలకింత చందా వేసికొని, ఒక పాఠశాలయో, సత్రమో, పందిరియో ఏర్పరచి, నెలకు కొన్ని కార్యక్రమములు జరిపించెడివారు. చందా కట్టనివారికి చిల్లర రుసుముపై ప్రవేశము. కార్యదర్శి విద్వాంసుని యింటికి పోయి తాంబూలమిచ్చి దినము నిశ్చయించుకొని వచ్చును. జమీందారు సంతోషించిన నాడు శాలువ కప్పును, కోపించిన నాడు కొలువు మాన్పించును. చందాదారుడు ఈ రెండును చేయజాలడు. అతనికి కలది ఒక్కటే అధికారము, వచ్చుటయో మానుటయో. ఆ యొక్క అధికారము కలిగించిన మార్పులు తరువాతి యేబదియేండ్లలో కచేరి స్వరూపమునే మార్చివైచినవి.

ఇట సభలకు లొంగని ఒక గానమును గూర్చి చెప్పవలెను. వీణ ధనమ్మ (1867-1938) జార్జిటౌనులో తన గృహమున ప్రతి శుక్రవారము సాయంకాలమున వీణ వాయించుచు పాడెడిది. రుసుము లేదు, ప్రకటన లేదు, వేదిక లేదు. మృదంగము సైతము లేదు. నగరమునందలి విద్వాంసులు, రసికులు ఆ గదిలో ఊపిరి బిగబట్టి కూర్చుండెడివారు. మాటాడుట యటుండగా, గట్టిగా మెచ్చుకొనుట గూడ ఆమెకు సరిపడెడిది కాదని చెప్పుదురు. ఆ తల్లి పలికించినవి క్షేత్రయ్య పదములు. మువ్వగోపాలుని పేర ఆ మహాకవి పదునేడవ శతాబ్దమున రచించిన పదములు పుట్టిన తెలుగుసీమలో మూలమూలల మిగిలియుండగా, చెన్నపురిలో తమిళమే యింటిభాషగా గల ఒక కుటుంబపు స్త్రీలు వానిని ఒక్కొక్క సంగతితో, ఒక్కొక్క శ్వాసావకాశముతో, చెక్కుచెదరకుండ కాపాడిరి. బాలదాస నాయుడను అంధవిద్వాంసునినుండి ధనమ్మ కొన్ని పదములు నేర్చెనని ప్రసిద్ధి. ధర్మపురి సుబ్బరాయని తెలుగు జావళులును ఆ యింట బ్రతికినవి. ఆమె మనుమరాండ్రు బృంద, ముక్త ఈ సంపదను జంటగా పాడి నిలిపిరి. మరియొక మనుమరాలు బాలసరస్వతి దానికి నాట్యమున రూపమిచ్చెను. ఆంధ్రులమైన మనము ఆ శుక్రవారములకు ఎంత ఋణపడియున్నామో తలచుకొన్న కొలదియు మనస్సు గౌరవముతో నిండును. ఆ గదికి పోవువానికి ఎంపిక చేయు శ్రమ లేదు. ఆ వారమునకు ఆ సాయంకాలమే చాలును.

కాని నగరము పెరుగుచుండెను. ఆర్మీనియను వీథిలో అనీబిసెంటమ్మగారి పూనికతో 1915లో వెలసిన గోఖలే మందిరము ఒక సరిక్రొత్త సాధనము. వర్షమునకు తడియక, గోడల నడుమ, వరుసలు తీరిన ఆసనములపై కూర్చుండి వినుటకు అది వీలు కల్పించెను. టికెట్టు కొని వచ్చినవాడు సాయంకాలము కార్యాలయమునుండి నేరుగా వచ్చినవాడు. మరునాడు మరల కార్యాలయమునకు పోవలసినవాడు. ఒకే రాగమును రాత్రియెల్ల విస్తరించి, ఒక పల్లవితో సభను ముగించుట అతనికి సరిపడదు. ఇది గ్రహించిన ప్రతిభాశాలి అరియక్కూడి రామానుజయ్యంగారు (1890-1967). వర్ణముతో మొదలిడి, చురుకైన కృతులతో సభను వేడెక్కించి, మితమైన ఆలాపనలతో మధ్యమున ఘనమైన కృతిని నిలిపి, రాగము తానము పల్లవి ముగించి, తుద పదము, జావళి వంటి నాలుగైదు తుక్కడాలతో శ్రోతను సంతృప్తిగా ఇంటికి పంపు క్రమమును ఆయన స్థిరపరచెను. ఆ క్రమమునే నేటికిని పెక్కురు అనుసరించుచున్నారు. దాని గుణమేమనిన, ఒక్క సాయంకాలమున అన్ని రుచులును దొరకును. దాని దోషమును గూడ చెప్పవలెను: ధనమ్మయింట సాయంకాలమంతటికిని ప్రాణమైన పదము, ఇచ్చట కచేరి చివర అయిదు నిమిషముల వస్తువైపోయెను. దూరమునుండి వచ్చినవారు పల్లవి ముగియగనే లేతురు; పదమును, జావళిని వినువారు సగము ఖాళీయైన సభలో మిగిలినవారు.

దూరమనుట ఉత్తమాట గాదు. 1895లో నడక సాగించిన విద్యుత్ ట్రాములు జార్జిటౌనును, మైలాపురమును, తిరువల్లిక్కేణిని ఒక్కటిగా కట్టివేయుటచేతనే ఒక పేటవాడు మరియొక పేట సభకు పోగలిగెను. 1931లో సముద్రతీరమునుండి తాంబరమువరకు విద్యుద్రైలు వచ్చుటతో నగరపు దక్షిణపుటంచున నివసించువాడును రసికసమాజమున చేరినాడు. సభలును జనులవెంట దక్షిణమునకు కదలినవి. 1929లో మైలాపురమున రసికరంజనీసభ పుట్టెను. ఎవరిని వినవలెనను ప్రశ్న ఎంతదూరము పోగలనను ప్రశ్నతో ముడివడియున్నదని ఈ మార్గముల చరిత్ర చెప్పకయే చెప్పుచున్నది. 1953లో ట్రాములు ఆగిపోయినవి.

ఇక డిసెంబరు మాసపు విషయము. 1927 డిసెంబరులో అన్సారీ అధ్యక్షతను జాతీయకాంగ్రెసు మహాసభ చెన్నపట్టణమున జరిగినపుడు, దానితోపాటు అఖిలభారత సంగీతసమావేశము గూడ జరుపబడెను. కర్ణాటకసంగీతమునకు ఒక స్థిరమైన విద్వత్సంస్థ కావలెనని అందు తీర్మానించిరి. ఆ తీర్మానఫలముగా 1928 ఆగస్టు 18వ తేదీన చెన్నపురి సంగీత అకాడమీ ప్రారంభమయ్యెను; సి. పి. రామస్వామయ్యరు ప్రారంభోత్సవము జరిపిరి, డాక్టరు యు. రామారావు తొలి అధ్యక్షుడు. అకాడమీవారు వార్షికసమావేశములను డిసెంబరు చివర జరుపుటచేత, ఆ మాసమే సంగీతఋతువయ్యెను. ఇందుకు అనుకూలమైన కారణములు మరికొన్ని గలవు. క్రిస్మసు సెలవులకు న్యాయస్థానములును, విద్యాలయములును మూతపడును. సభల నిర్వాహకులలో వకీళ్ళ సంఖ్య తక్కువ కాదు. ఎండ తగ్గి, వానలు వెనుకబడి, గాయకుల కంఠమునకును వినువారి దేహమునకును హాయి యగును. ధనుర్మాసమున వివాహములు జరుగవు గనుక విద్వాంసులకు పెండ్లికచేరీల పిలుపులుండవు. ఆ మాసమున తెల్లవారుజామున మైలాపురపు మాడవీథులలో భజనగోష్ఠులు తిరుగు సంప్రదాయము అంతకుముందే కలదు. పాపనాశం శివన్ ఆ గోష్ఠికి ముందు నడచి పాడినవారిలో సుప్రసిద్ధుడు. రాజకీయమహాసభ నిమిత్తమాత్రముగా వచ్చినది. నేల ముందే తడిసియున్నది.

అకాడమీ ఉదయములు శాస్త్రచర్చలకును, మధ్యాహ్నములు యువవిద్వాంసులకును, సాయంకాలములు ప్రసిద్ధులకును కేటాయింపబడినవి. పండితుల సంఘము ప్రతి ఉదయమున సమావేశమై ఒక్కొక్క రాగము లక్షణమును తర్కించెడిది. పాఠాంతరములు, అరుదైన కృతులు అందు వినబడెడివి. రాళ్ళపల్లి అనంతకృష్ణశర్మగారివంటి మన విద్వాంసుడు 1974లో అకాడమీవారి సంగీతకళానిధి బిరుదము పొంది ఆ గోష్ఠిని అలంకరించుట తెలుగువారికి గర్వకారణము. ఉదయపు చర్చకు పోయి సాయంకాలపు కచేరీని ఎంచుకొనువాడు ఇతరులకంటె మెరుగైన శ్రోతయగునని నా దృఢాభిప్రాయము. మొదట ఆ వ్యవస్థ నేర్పరచినవారి యుద్దేశ్యమును అదియే.

ఇండియన్ ఫైన్ ఆర్ట్స్ సొసైటీ 1930ల ఆదిలో పుట్టి, అదే మాసమున తన ఉత్సవమును నడుపసాగెను. అప్పటినుండి శ్రోతకు నిజమైన చిక్కు ప్రారంభమయ్యెను. ఒకేనాడు రెండు వేదికలు, పత్రికలలో ప్రకటనలు, ప్రకటనలలో గాయకుని పేరుక్రింద వయొలినిస్టు పేరు, మృదంగవిద్వాంసుని పేరు. ఈ పక్కవాద్యముల పేళ్ళు పట్టికకు అలంకారములు గావు. చౌడయ్య వయొలినును పాల్ఘాటు మణి అయ్యరు మృదంగమును చేరినచో, గాయకుడెవరని అడుగకయే టికెట్టు కొన్నవారుండిరి. అంతకుపూర్వము కాంచీపురపు నైనాపిళ్ళ తన వెనుక లయవాద్యముల నిండుకొలువును కూర్చుకొని పాడుటచేత, లెక్కలయం దభిరుచి గలవారందరును ఆయన కచేరీకి పరుగెత్తిరి. విమర్శకులును బయలుదేరిరి. ఆనందవికటన్ పత్రికలో కల్కి కృష్ణమూర్తి 'కర్నాటకం' అను పేర వ్రాసిన సమీక్షలు సామాన్యపాఠకునికి సంగీతము గూర్చి ఒక అభిప్రాయమును ఏర్పరచుకొను ధైర్యము నిచ్చినవి. పోషకుని అభిరుచియే ప్రమాణమైన నాడు సమీక్షకు పనియుండదు. ఎంచుకొనువారు వేలకొలది యైన నాడు వారికొక సలహాదారు కావలసివచ్చెను.

కల్కి, రాజాజీ, టి. కె. చిదంబరనాథ మొదలియారు, రాజా అన్నామలై చెట్టియారు మొదలగువారు మరియొక ప్రశ్న లేవనెత్తిరి. తమిళదేశమున, తమిళశ్రోతలయెదుట, తమిళగాయకులు మొదటినుండి చివరివరకు తెలుగుకృతులనే పాడుట న్యాయమా యని వారడిగిరి. 1941లో అన్నామలై విశ్వవిద్యాలయమున జరిగిన సమావేశము తమిళపాటకు ప్రాధాన్యము కావలెనని తీర్మానించెను. 1943లో తమిళ ఇసై సంఘము స్థాపితమై డిసెంబరుననే తన ఉత్సవమును జరుపసాగెను. సంగీతమునకు భాష ప్రధానము కాదని అకాడమీ పక్షము వాదించెను. ఆ వివాదమున తెలుగువారు కొందరు నొచ్చుకొనిరి. నాకట్లు తోచదు. తన భాషలో దేవుని పాడుకొనవలెనను కోరిక ఏ జాతికైనను ధర్మ్యమే. త్యాగరాజు తన తెలుగులో చేసినదియు అదియే. మనము మరువరాని దింకొకటి కలదు: తెలుగు తమ తల్లిభాష కాకున్నను, దానిని కంఠస్థముచేసి, అర్థము గురువులనడిగి తెలిసికొని, మూడు నాలుగు తరములపాటు ఆ కృతులను బ్రతికించినవారు తమిళులే. బెంగుళూరు నాగరత్నమ్మ చెన్నపురి నివాసినియై యుండియే తన యార్జన వెచ్చించి తిరువయ్యారులో త్యాగరాజస్వామి సమాధిమందిరమును నిర్మింపజేసెను.

నాగరత్నమ్మ పేరు వచ్చినపుడు మరియొక సంగతి చెప్పక దాటరాదు. ఈ గానమును కాపాడిన కళావంతుల, దేవదాసీల కుటుంబములకే సభలు క్రమముగా సంకోచముతో ద్వారములు తెరచినవి. అకాడమీ 1931లో దేవదాసీకుటుంబమునకు చెందిన కల్యాణి కుమార్తెల నాట్యమును తన వేదికపై జరిపించి ధైర్యము చూపెను. బాలసరస్వతి 1973లోను, బృంద 1976లోను సంగీతకళానిధులైరి. నడుమ 1947లో దేవదాసీవ్యవస్థను నిషేధించు చట్టము వచ్చెను. ఆ వ్యవస్థ పోవలసినదే. కాని దానితోపాటు ఆ స్త్రీలకు వంశానుగతమైన విద్యయు, వేదికయు, గౌరవమును పోవుట అన్యాయము. ఆ స్థానమున మధ్యతరగతి గృహముల కన్యలు కూర్చుండి పాడసాగిరి. వారిలో పట్టమ్మాళ్ పల్లవి పాడి, లెక్కలు పురుషుల సొత్తన్న మాటను తుడిచివైచెను. ఒక ద్వారము తెరవబడినపుడు మరియొకటి మూయబడుట అనివార్యము కాదు. అప్పుడు మాత్రము అట్లు జరిగినది.

తెలుగునేలనుండి ఈ వేదికలకు వచ్చినవారు అల్పసంఖ్యాకులైనను అల్పులు కారు. విజయనగర సంగీతకళాశాలకు అధ్యక్షుడైన ద్వారం వెంకటస్వామినాయుడుగారు 1941లో అకాడమీ సమావేశమునకు అధ్యక్షత వహించిరి. పక్కవాద్యముగా నుండిన వయొలినును ఏకాకిగా వేదికపై నిలిపి సభను నిండించినవారాయన. పారుపల్లి రామకృష్ణయ్య పంతులుగారి శిష్యుడు బాలమురళీకృష్ణ 1978లోను, శ్రీపాద పినాకపాణిగారు 1983లోను, నేదునూరి కృష్ణమూర్తిగారు 1991లోను సంగీతకళానిధులైరి. పానుగంటి రామారాయణింగారి బిరుదనామము గల పానగల్లు ఉద్యానమును చుట్టుకొని వెలసిన త్యాగరాయనగరమున, 1940 తరువాత త్యాగబ్రహ్మగానసభ స్థాపనమునకు పూనికొన్నవారిలో 'త్యాగయ్య' (1946) చిత్రమున ఆ మహాత్ముని పాత్ర ధరించిన చిత్తూరు నాగయ్యగారొకరు. చిత్రసీమలో ఆర్జించిన ధనమును గానసభకై వెచ్చించిన ఆ ఉదారుని పేరు నేడు ఆ సభవారి వాణీమహలున కచేరీ వినువారిలో ఎందరికి తెలియునో!

1938లో ఆకాశవాణి చెన్నపురి కేంద్రము వెలసినపుడు, ఇక సభకు పోవువారుండరని కొందరు భయపడిరి. జరిగినది దానికి విరుద్ధము. రేడియోలో విన్న కంఠమును ఎదుట చూచి వినవలెనని శ్రోతలు మరింతమంది వచ్చిరి. మైకు రాకతో పెద్దమందిరములు సాధ్యమయ్యెను. కంఠబలముకంటె కంఠమాధుర్యమునకు విలువ పెరిగెను. చిరకాలము పందిళ్ళలోను, పాఠశాలలలోను, ఇతరుల మందిరములలోను ఉత్సవములు నడపుకొన్న అకాడమీకి 1955లో జవహర్‌లాల్ నెహ్రూ శంకుస్థాపన చేయగా, 1962 డిసెంబరులో మైసూరు మహారాజు జయచామరాజ ఒడయరు చేతిమీదుగా స్వంతభవనము ప్రారంభమయ్యెను. ఒక వర్తకనగరపు చందాదారుల సంస్థకు ఒక రాజు వచ్చి ద్వారము తెరచుట గమనింపదగినది.

నేడు ఆ మాసమున సభల సంఖ్య పెరిగి, పట్టికయే ఒక పుస్తకమైపోయినది. ప్రసిద్ధుల సాయంకాలములకు జనము కిక్కిరియును. వానిని ఎంచుకొనుటకు ఎవరి సలహాయు అక్కరలేదు. నేను ఆదరముతో చూచునవి మధ్యాహ్నపు కచేరీలు. అవి చాలసభలలో ఉచితము, గంటన్నరలోపల ముగియును, పాడునది ఇరువదియేండ్ల బాలికయో బాలుడో. వారిలో ఇటీవల విజయవాడ, విశాఖపట్టణము, హైదరాబాదులనుండియు, సముద్రములకావల పెరిగిన తెలుగు కుటుంబములనుండియు వచ్చువారు కనబడుచున్నారు. వారి తెలుగు ఉచ్చారణము సాఫుగా నుండును. పదములు నేర్పు గురువులు దొరకినచో వారి కంఠమున క్షేత్రయ్య మరల పూర్ణాయువుతో పలుకగలడు. ఆ వేళకు వచ్చువారు ఎక్కువగా విశ్రాంతోద్యోగులు, తోటి విద్యార్థులు, కొందరు గురువులు. ముందువరుసలో కూర్చుండి తొడపై తాళము వేయుచు, కొన్నేండ్లలో సాయంకాలపు వేదిక నెక్కదగినవారెవరో వారు ఆ మధ్యాహ్నపు వేళనే తేల్చుకొందురు. సభాకార్యదర్శులును నడవలో నిలిచి ఆ శ్రోతల ముఖములను చూచుచుందురు.